స్వప్నఫలము

తెల్లవారుజామున వచ్చిన కల నిజమగునన్న మాట వినకుండ మన దేశమున ఎవరును పెరిగియుండరు. కలలో ఏనుగు కనబడిన ఐశ్వర్యమట, పండ్లూడిన బంధునాశమట, పెండ్లి కనబడిన చావట, చావు కనబడిన ఆయుర్వృద్ధియట. ఈ పట్టికను చిన్న పుస్తకములుగా అచ్చొత్తి తిరునాళ్లలో అమ్ముట మన తాతల నాటినుండి యున్నది. ఇప్పుడదే పట్టిక సెల్‌ఫోనులోనికి ఎక్కినది. పాము అని వ్రాసిన పాము ఫలమును, నీరు అని వ్రాసిన నీటి ఫలమును క్షణములో తెరమీదికి వచ్చుచున్నవి. యంత్రము క్రొత్తది, సరకు పాతదే.

చదువుకొన్నవారము గనుక మనము దీనిని చూచి నవ్వుదుము. నవ్వుటతో మన విధి తీరినదని కూడ తలంచుదుము. నేనిప్పుడు వ్రాయబోవు మాటలలో సగము ఆ పట్టికను నమ్మువారిమీదను, సగము దానిని చూచి నవ్వి యూరకుండు మనమీదను వచ్చును. ఈ రెండవ సగము వ్రాయుటయే నాకు కష్టము. ఏలయన అందు నేనును దోషినే.

2019వ సంవత్సరమున జరిగిన సంగతి యిది. మాది కోనసీమలో నొక గ్రామము. నా తమ్ముని కూతురు ఇంటర్మీడియటు మంచి మార్కులతో ముగించి నర్సింగు చదువునకు దరఖాస్తు పెట్టుకొన్నది. విశాఖపట్టణమున ఒక కళాశాలవారు ఫలానా దినమున స్వయముగ వచ్చి సీటు తీసికొనుమని వర్తమానము పంపిరి. ప్రయాణమింక నాలుగు దినములున్నదనగా, వెలుగు రాకముందే మా అమ్మ లేచి వచ్చి వీధి అరుగుమీద కూర్చున్నది. అప్పటికామెకు ఎనుబదియొక్క యేండ్లు. ముఖము వాడియున్నది.

"కలొచ్చిందే. ఇంటిముందు పందిరి వేశారు. మన పిల్ల పెళ్లిపీటలమీద కూర్చుంది. ఏదో మోగుతోంది..." అనునంతలో ముగ్గు వేయుచున్న ఎదురింటి అమ్మగారు "పెళ్లి కలా! నోట అనకండి వదినగారూ" అని చెవులు మూసికొన్నది. నేనేమంటినో చెప్పుటకు సిగ్గగుచున్నది. "రాత్రి పొద్దుపోయాక పులిహోర తిన్నావు కదమ్మా, అజీర్ణం" అంటిని. అమ్మ మరి మాటాడలేదు. ఆవిడ శకునమునకు భయపడియు, నేను శాస్త్రాభిమానముచేతను, ఇద్దరము గలసి ఒక ముసలిదాని నోరు మూసితిమి.

మధ్యాహ్నమునకు వార్త పురోహితునియొద్దకు పోయినది. ఆయన పుస్తకము తిరుగవేసి, మొదటి జామున వచ్చిన కల సంవత్సరమునకును, రెండవ జామున వచ్చినది ఆరు నెలలకును, మూడవ జామున వచ్చినది మూడు నెలలకును, నాలుగవ జామున వచ్చినది పక్షమునకును, అరుణోదయవేళ వచ్చినది పది దినములలోను ఫలించునని చెప్పి, పది దినములు పిల్లను ఏరు దాటనీయవద్దనెను. కోనసీమవారము ఏరు దాటక ఎక్కడికి పోగలము? నా తమ్ముడు ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుడు. "నమ్మకముండి కాదక్కా, అమ్మ మనసు కష్టపెట్టడం ఎందుకని" అనెను. మన యిండ్లలో మూఢవిశ్వాసమునకు నమ్మువారు పోయు నీరు కొంచెమే; ఇట్లు నమ్మనివారు మెత్తదనముచేత పోయు నీరే దానిని బ్రదికించుచున్నది.

సీటు పోయినది. పదునొకండవ దినమున పిల్ల నిక్షేపముగ నుండెను. ప్రయాణము మానుటచేతనే గండము తప్పినదని ఎదురింటి అమ్మగారు చెప్పుకొన్నారు. ఇట్టి వాదమునకు ఓటమి యెక్కడిది? ఫలించిన కల నిజమైనది. ఫలింపని కలకు పరిహారము జరిగినది. పిల్లకు పోయిన సంవత్సరమునుగూర్చి మాత్రము ఎవరును లెక్క చెప్పలేదు.

ఇంతకును తెల్లవారుజాము కలకు ఇంత ప్రతిష్ఠ యెట్లు వచ్చినది? దీనికి కారణము నిద్రలోనే యున్నది. 1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ అను వారిద్దరు ఒక సంగతి ప్రకటించిరి. నిద్రించువాని కనుగ్రుడ్లు రాత్రి కొన్ని వేళలలో రెప్పలక్రింద వడివడిగ కదలుచుండును. ఆ వేళ లేపి అడిగిన 27 మారులలో 20 మారులు నిద్రితులు స్పష్టమైన కలలు చెప్పిరి. కన్నులు కదలని వేళ లేపిన 23 మారులలో 19 మారులు తమకేమియు జ్ఞాపకము లేదనిరి. తక్కిన వేళలలోను కలలు కలవని తరువాత తెలిసినది గాని, కథవలె సాగు చిత్రమైన కలలకు ఈ దశయే ముఖ్యస్థానమన్న మాట నిలిచినది. ఈ దశ సుమారు గంటన్నరకొకసారి వచ్చును. మొదటిసారి కొలది నిమిషములే యుండును, రాత్రి గడచినకొలది నిడివి పెరుగును, తెల్లవారబోవునప్పటిది దీర్ఘమైనది. మనము మేల్కొనుటయు తరచుగ దానినుండియే. కావున నడురేయి కలలు నిద్రలోనే కరగిపోవును. వేకువ కల చేతికందును. మనకు గుర్తున్న కలలు ఇంచుమించుగ వేకువవే అయినప్పుడు, నిజమైనట్లు తోచిన కలలును వేకువవే కాక మరేమగును?

ఒక చిన్న లెక్క కూడ చూడుడు. ఇంట ఆరుగురున్నారనియు, ఒక్కొక్కరికి రాత్రికి నాలుగు కలలనియు అనుకొందము. ఏడాదికి 8,760 కలలు. అందు పదియో పండ్రెండో మరునాటి సంగతులతో సరిపోలకుండుటయే వింత. సరిపోలినవానిని మూడు తరములు చెప్పుకొందుము. తక్కినవి దంతధావనము కాకముందే పోవును.

మన పూర్వులందరును ఈ పట్టికకు తల యొగ్గిరనుకొనుట పొరపాటు. చరకసంహితలోని ఇంద్రియస్థానము కలలను ఏడు తెగలు చేసినది: కన్నది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది, రానున్నదానిని సూచించునది, వాతపిత్తాది దోషములచే పుట్టినది. వీనిలో మొదటి యైదును నిష్ఫలములని వైద్యునికి చెప్పినది. పగటి కలయు, మరీ చిన్నదియు, మరీ పెద్దదియు నిష్ఫలములే యన్నది. పట్టికల వ్యాపారి ఆ యైదింటిని దాచి, ఆరవదానిని అమ్ముచున్నాడు. ఆ యారవదానిని నేను చరకునియొద్దనైనను కొనను; అది వేరు మాట. శాస్త్రము పేరు చెప్పి అమ్మువాడు ఆ శాస్త్రమును సగమైన చదివియుండవలదా?

మంచి కల వచ్చిన మరల పరుండరాదనియు, చెడ్డ కల వచ్చిన మరల నిద్రింపవలెననియు ఇంకొక పాత నియమము గలదు. ఈ నియమము చేసినవాడు గడసరి. మరల నిద్రించిన ఎంతటి కలయు నిలువదని అతడెరుగును. దైవమునుగూర్చిన జ్ఞానముకంటె మరపునుగూర్చిన జ్ఞానమే ఇందెక్కువ కనబడుచున్నది.

నిజముగ, కల గుర్తుండుటవంటి విచిత్రానుభవము మరియొకటి లేదు. కన్ను తెరచినప్పుడు అంతయు నున్నట్లే యుండును. ఇల్లు మనదే గాని, ఎన్నడును లేని మేడ దానికున్నది. చనిపోయిన తండ్రి గడప దగ్గర నిలిచి తడిసిన గొడుగు మడచుచున్నాడు. ఆయన చనిపోయినట్లు మనకు తెలిసియు ఆశ్చర్యము కలుగదు. పెరటి నూతిలో రైలు కూత వినబడుచున్నది. అదియు సహజముగనే తోచును. ఒక్కసారి ఒత్తిగిలిన సగము పోవును. పాలవాడు పిలిచిన తక్కిన సగమును పోవును. మిగులునది గొడుగు తడియు, గొంతులో నేదో బరువును. ఎందుకు బరువో తెలియదు. ఆ వేళ మెదడులో నోరెపినెఫ్రిన్ అను రసాయనము మిక్కిలి తగ్గియుండుననియు, ఈ మరపునకు అదియొక కారణము కావచ్చుననియు శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు.

పిమ్మట చెప్పబూనినప్పుడు నాలుక యూరకుండునా? తెగినచోట ముడి వేయును. ఏమియు లేనిచోట "తరువాత" అని చేర్చును. నాలుగవసారి చెప్పునప్పటికి కల కొంత, కథ కొంత. ఇక పట్టిక చూచిన తరువాత చెప్పు కల యెట్లుండునో యోచింపుడు. పట్టికలో నున్న పాము నిలుచును. పట్టికలో లేని గొడుగు జారిపోవును. స్వప్నఫల గ్రంథములు చేయు అపకారములలో దీనినే నేను మొదటిదిగ లెక్కింతును. రాబోవుదానిని అవి తెలుపలేవు సరికదా, వచ్చిన కలను సయితము దొంగిలించును.

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున ఆటో లోవీ అను శాస్త్రజ్ఞుడు ఒక రాత్రి ఒక ప్రయోగము తోచి లేచి, కాగితపు ముక్కమీద గీకి, మరల పరుండెను. ఉదయమున తన వ్రాతను తానే చదువలేకపోయెను. ఆ దినమంతయు వేదనపడెనట. మరునాటి రాత్రి మూడు గంటలకు అదే యూహ మరల రాగా, ఈసారి కాగితమును నమ్మక తిన్నగ ప్రయోగశాలకు పోయి కప్పల గుండెలతో పని మొదలుపెట్టెను. నరములు రసాయనములద్వారా గుండెకు ఆజ్ఞలిచ్చునని 1921లో ప్రకటించెను. 1936లో నోబెలు బహుమానము పొందెను. చూచితిరా, కల ఫలించినదని పట్టికవారు గంతులు వేయవచ్చును. కాని ఆ ప్రశ్న పదునైదేండ్లకు పైగ అతని తలలో తిరుగుచుండినది. రాత్రి వచ్చినది పగలు నాటినదే. కలకు సాక్ష్యమిచ్చినది దేవతయు కాదు, పుస్తకమును కాదు, కప్ప గుండె.

అంతకంటె బలమైన యెదురుమాట మన దక్షిణదేశముననే కలదు. 1914లో శ్రీనివాస రామానుజన్ సీమకు పోవుటకు ముందు, సముద్రయానము ఆచారవిరుద్ధమని ఆయన తల్లి ఒప్పుకొనలేదనియు, ఒక రాత్రి కలలో కుమారుడు తెల్లవారి నడుమ కూర్చుండియుండగా నామగిరి దేవత అడ్డుపడవలదని ఆజ్ఞాపించెననియు ఆయన జీవితచరిత్రలలో చెప్పుదురు. కలను నమ్మినందున లోకమునకు మేలే జరిగెను గదా యని వాదింతురు. మేలు జరిగిన మాట కాదనను. కాని నాకు తోచునదేమనగా, ఆనాటి యొక తల్లి "పోయి రా నాయనా" యని తనంతట తాను చెప్పిన వినువారెవరు? వెలివేయువారే యెక్కువ. దేవత చెప్పినదన్న ఎవరును మారుమాటాడరు. తమ మనస్సులోని మాటను కలయను ముసుగు వేసి చెప్పుకొనుట మన స్త్రీలు ఎన్ని తరములుగ నేర్చిరో ఎవరు వ్రాసిరి? ఆ ముసుగు ఒక యింట కుమారుని సముద్రము దాటించును. మరియొక యింట మనుమరాలిని ఏరు దాటనీయదు. మేలు చేసిన కలను పొగడి, కీడు చేసిన కలను మాత్రము తిట్టుట న్యాయము కాదు. ఆజ్ఞాపించు హక్కు దేనికిని ఉండరాదు.

ఈ హక్కు ఎంతదూరము పోవునో చూడవలెనన్న 2013 అక్టోబరు నెలను తలచుకొనుడు. ఉత్తరప్రదేశములోని ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేరాలో వెయ్యి టన్నుల బంగారము పూడ్చియున్నదని ఒక సాధువునకు కల వచ్చెను. భారత పురావస్తుశాఖవారు గడ్డపారలు పట్టిరి. కలకొరకు కాదు, భూగర్భశాఖవారి నివేదికనుబట్టి త్రవ్వుచున్నామని వారు సమాధానము చెప్పిరి గాని, జాతరవలె మూగిన జనము ఏ నివేదికను చదివి వచ్చిరి? బంగారము రాలేదు. కుండ పెంకులు వచ్చినవి.

ఇక మన పక్షము. ఉదయమున పిల్లవాడు కన్నులు నులుముకొనుచు "అమ్మా, నాకో కలొచ్చింది" అనును. "ముందు పళ్లు తోముకో, బస్సొచ్చే వేళయింది" అందుము. ముసలివారు చెప్పబోయిన అజీర్ణమందుము. భార్య చెప్పబోయిన వార్తాపత్రిక ఎత్తుదుము. అర్థము లేనిది గనుక వినదగినది కాదని మన సిద్ధాంతము. భవిష్యదర్థము లేదన్నంతమాత్రమున అసలు అర్థమే లేదని యెవరు చెప్పిరి? వియన్నా వైద్యుడు ఫ్రాయిడు 1899లో వెలువడిన తన గ్రంథముచేత, కల కన్నవానిచేతనే దానిని పూర్తిగ చెప్పించి వినుటను ఒక పద్ధతిగ చేసెను. తరువాత ఆయనయు, శిష్యులును మెట్లకును పెట్టెలకును మరల నొక పట్టిక వేసిరి. ఆ పట్టికయు మనకు వలదు. వినుట మాత్రము కావలెను.

ఇది వినోదమునకు చెప్పు మాట కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనవంటిదానిని చూచినవారికి కొన్నియేండ్లవరకు నీరు కలలోనికి వచ్చుచుండిన, స్వప్నఫల పుస్తకము నీటికి ఏదో యొక ఫలము వ్రాసియుండును. ఆ నీరు ఎవరిని తీసికొనిపోయినదో దానికి తెలియదు. మనమా, "మరచిపో" అందుము. మరల మరల వచ్చు పీడకలకు నేటి వైద్యులు చేయు చికిత్సలలో నొకటి యిట్లున్నది: రోగిచే ఆ కలను వ్రాయింతురు, పగటివేళ దాని ముగింపును తన యిష్టము వచ్చినట్లు మార్పింతురు, మార్చిన కథను దినదినము మనస్సులో నడుపుమందురు. అనేకులకు దీనివలన ఉపశమనము కలుగుచున్నది. చెడ్డ కలను నోట ననరాదన్న ఎదురింటి అమ్మగారి నియమము ఈ చికిత్సకు ఎంత దూరమో, నా అజీర్ణ సిద్ధాంతమును అంతే దూరము.

నాకీ తెలివి ఆలస్యముగ వచ్చినది. మేనకోడలు మరుసటి యేట వేరొక కళాశాలలో చేరినది. 2021 వర్షకాలమున, కరోనాచే కళాశాల మూతపడి అది యింటనున్నప్పుడు, ఒకనాటి యుదయమున అమ్మ మరల అరుగుమీద అట్లే కూర్చున్నది. పిల్లయే ముందు చూచి, "మళ్లీ కలొచ్చిందా నాయనమ్మా?" అని ప్రక్కన చేరినది. ఎదురింట తలుపు ఇంకను తీయలేదు. "ఆ పెళ్లి కలేనా? అప్పుడు నువ్వు పూర్తిగా చెప్పనే లేదు కదమ్మా" అని నేనంటిని.

"అడిగినవాళ్లెవరే?" అన్నది.

పందిరి మునుపటిదేనట. పీటలమీద కూర్చున్నది మనుమరాలేనట. కాని బాసికము క్రింద ముఖము చూడబోయిన, అది తన ముఖమట. కొంగు క్రింద పలక దాచుకొన్నదట. ఎవరిదో చెయ్యి, గాజుల చెయ్యి, ఆ పలకను లాగుచున్నదట. మ్రోగుచున్నది సన్నాయి యనుకొన్నది గాని బడి గంట. గంట విని లేవబోయిన, బ్రహ్మముడి పడియున్నది, కొంగు రాదు. గంట ఆగుచున్నది. "అంతేనే. ఎప్పుడొచ్చినా అక్కడే మెలకువొస్తుంది. నీ అంత వయసునుంచి వస్తోంది."

మా అమ్మకు 1949లో పెండ్లి చేసిరి. అప్పటికి పదునొకండేండ్లు, నాలుగవ తరగతి. బాలికలకు పదునాలుగేండ్లు నిండకుండ పెండ్లి చేయరాదని శారదాచట్టము వచ్చి ఇరువదేండ్లయినది. ఆ యేటనే దానిని పదునైదునకు పెంచిరి. ఆ చట్టమునకు కూడ మా యేరు అడ్డు వచ్చినది కాబోలు. ఈ సంగతులన్నియు నాకు తెలిసినవే. ఆమె బడికి పోయినట్లు తెలియును, మానినట్లు తెలియును. పలకను కొంగులో దాచుకొన్నట్లు మాత్రము డెబ్బదిరెండేండ్లు ఎవరికిని తెలియలేదు. మనుమరాలు చదువునకు పోవుచున్నదన్న సంబరమున ఆ కల మరల వచ్చినది. ఆ కలయే మనుమరాలి చదువునకు అడ్డముగ నిలిపిరి. పూర్తిగ చెప్పనిచ్చియుండిన ఆ యుదయమున పిల్లను రైలెక్కించుటకు అందరికంటె ముందు ఆమెయే బయలుదేరియుండును.

నా తమ్ముడు గుమ్మములో నిలుచుండి విన్నాడు. ఏమియు ననక పెరటిలోనికి పోయెను.

"పలకమీద ఏముంది నాయనమ్మా?" అని పిల్ల అడిగినది.

"లెక్క. భాగారం. సగం చేశాను, శేషం తేలలేదు."

పిల్ల లోపలికి పోయి నోటుపుస్తకమును పెన్సిలును తెచ్చి ఆమె ఒడిలో పెట్టినది. అమ్మ పెన్సిలు పట్టుకొని చాలసేపు కూర్చున్నది. అంకెలు మాత్రము ఆమెకు గుర్తు రాలేదు.